నలుగురం కలిసి యూరప్, ఆ తర్వాత నేనొక్కదాన్నే 5 రాత్రులు: ఎలా కుదురుతుంది?

బైరాగిపట్టెడ_అమ్మాయి అడిగారు:

తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్తాను. పద్మావతి యూనివర్సిటీ హాస్టల్లో ఒకే రూములో ఉన్న నలుగురం సెప్టెంబరులో యూరప్ పోదామని అనుకుంటున్నాం. ఒకతి చిత్తూరులో బ్యాంకు ఉద్యోగం, ఒకతి బెంగళూరు, ఇంకొకతి పెళ్ళయి చెన్నైలో ఉంది. మా ఇంట్లో పెట్టిన షరతు ఒక్కటే, బ్రహ్మోత్సవాలకు చుట్టాలు దిగే లోపల నేను తిరుపతిలో ఉండాలి.

గొడవంతా ఊళ్ళ దగ్గరే. బెంగళూరు ఆమెకు పారిస్ లేకపోతే అది యూరప్ కాదు. చెన్నై ఆమెకు స్విట్జర్లాండ్‌లో మంచు కావాలి. చిత్తూరు ఆమె ఎక్కడైనా సరే అంటుంది, కానీ గుడ్డు కూడా తినదు. నాకు వియన్నా, బుడాపెస్ట్ చూడాలని ఎప్పటినుంచో ఉంది. అందరినీ మెప్పిద్దామని 9 రాత్రుల్లో పారిస్, ఇంటర్‌లాకెన్, ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ కలిపి ఒక ఎక్సెల్ షీటు చేశాను. దాన్ని చూస్తేనే ఆయాసం వస్తోంది.

వాళ్ళు ముగ్గురూ తిరిగొచ్చేశాక ఇంకో 5 రాత్రులు నేనొక్కదాన్నే ఉండాలని ఉంది. అమ్మ మాత్రం "గుంపుతో పోయినదానివి గుంపుతోనే రా" అంటోంది. ఒంటరిగా ఉండటానికి ఏ ఊరు నయం? వీసా నలుగురికీ కలిపి ఇస్తారా, ఎవరిది వాళ్ళకేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పుత్తూరు_టు_మ్యూనిక్:

అక్కా, ముందు ఆ షీటు డిలీట్ చేయండి. 9 రాత్రుల్లో 5 ఊళ్ళంటే రోజు మార్చి రోజు పెట్టె సర్దడమే. పొద్దున రూము ఖాళీ చేయాలి, కొత్త రూము మధ్యాహ్నం దాకా ఇవ్వరు, ఆ మధ్యలో నాలుగు పెట్టెలు ఈడ్చుకుంటూ తిరగాలి. పారిస్, స్విస్ కలిపి ఇంకో ఏడాది పెట్టుకోమని వాళ్ళకు నచ్చజెప్పండి.

ఈసారికి హంగరీలో బుడాపెస్ట్, ఆస్ట్రియాలో వియన్నా చాలు. రెండింటికీ మధ్య నేరుగా రైళ్ళున్నాయి, సుమారు 2 గంటల 40 నిమిషాల ప్రయాణం. బుడాపెస్ట్‌లో దిగి వియన్నా నుంచి తిరుగు ప్రయాణం ఉండేలా ఒకే టికెట్‌గా విమానం బుక్ చేసుకోండి, వెనక్కి పోయే పని తప్పుతుంది. ఇంకో దేశం చూశామని చెప్పుకోవాలంటే వియన్నా నుంచి స్లొవేకియాలోని బ్రాటిస్లావా రైల్లో గంట. పొద్దున పోయి సాయంత్రం వచ్చేయొచ్చు.

రైలు టికెట్లు ముందే ఆస్ట్రియా రైల్వే యాప్‌లో కొనండి. ఆలస్యమయ్యే కొద్దీ రేటు పెరుగుతుంది. బుడాపెస్ట్ మెట్రోలో కాగితం టికెట్ తీసుకుంటే మెషీన్‌లో ముద్ర వేయించాకే లోపలికి పోవాలి. చేతిలో టికెట్ ఉన్నా ముద్ర లేకపోతే జరిమానానే. అక్కడి ఒకటో నంబరు మెట్రో 1896 నాటిది, ఐరోపా ప్రధాన భూభాగంలో అదే మొదటిది. చిన్న చిన్న పసుపు డబ్బాలు, బొమ్మ రైలులా ఉంటుంది. రాత్రి పూట 2వ నంబరు ట్రామ్ ఎక్కి డాన్యూబ్ నది ఒడ్డున పార్లమెంటు దీపాలు చూడండి. పడవ షికారుకు బోలెడు పెట్టక్కర్లేదు.

గ్రీమ్స్‌పేట_అత్తమ్మ:

పాపా, ఊళ్ళ సంగతి ఆ అబ్బాయి బాగా చెప్పినాడు. నేను నలుగురు ఆడవాళ్ళు ఒకచోట ఉండే సంగతి చెప్తా. నేను పోస్టాఫీసులో రిటైరయినాక మా ఆడబిడ్డ, ఆమె స్నేహితురాళ్ళతో ఇదే దారిన పోయొచ్చినా.

హోటల్లో రెండు రూములు వద్దు. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ ఒకటి తీసుకోండి, బాత్రూములు రెండున్నాయో లేదో ఫొటోల్లో చూసుకోండి. ఒకటే అయితే పొద్దున పదయినా బయట పడరు. గుడ్డు తినని పాపకు ఇదే దారి. బియ్యం అక్కడే దొరుకుతుంది, సాదా పెరుగు దొరుకుతుంది, కందిపొడి, చెనిక్కాయల పొడి ఇక్కడినుంచి తీసుకపోండి. నెయ్యి డబ్బా మాత్రం వద్దు. పాల వస్తువులు, మాంసం బయటి దేశాల నుంచి తేనివ్వరు. మామిడిపండు, పచ్చి కరివేపాకు కూడా పెట్టెలో పెట్టొద్దు. బయట తినాలంటే బుడాపెస్ట్‌లో లాంగోష్ అని నూనెలో వేయించిన పెద్ద రొట్టె ఇస్తారు, పైన మీగడ, చీజు. గూలాష్ అని సూపు పేరు చెప్తే మాత్రం తలాడించొద్దు, అది గొడ్డుమాంసం. ఆస్ట్రియాలో ఆదివారం కిరాణా కొట్లు దాదాపు అన్నీ మూసేస్తారు. శనివారమే పెరుగు, పాలు తెచ్చి పెట్టుకోవాల.

రోజుకొకరు పెత్తనం చేయండి. ఆ రోజు ఆ మనిషి ఎక్కడికంటే అక్కడికి, మిగతావాళ్ళు మొహం మాడ్చుకోకూడదు. మధ్యాహ్నం భోజనం అయినాక సాయంత్రం దాకా ఎవరి దారి వాళ్ళది. ఒకరికి బట్టల కొట్లు, ఒకరికి మ్యూజియం, ఒకరికి నిద్ర. నలుగురూ పొద్దస్తమానం అతుక్కుని తిరిగితే మూడోరోజుకు మాటలుండవు, ఎంత హాస్టల్ స్నేహమైనా సరే. ఈ మధ్యాహ్నాలే నీకు ఒంటరిగా తిరగడం అలవాటు చేస్తాయి, మీ అమ్మకు ఇదీ చెప్పు.

డబ్బు ఒకరి దగ్గర పెట్టండి. నలుగురూ ఇంత అని ముందే వేసి, ఇంటి అద్దె, రైళ్ళు, కిరాణా అందులోంచి. కాఫీలు, కొనుగోళ్ళు ఎవరివి వాళ్ళవి. హంగరీలో యూరో కాదు, ఫోరింట్. కార్డు గీకేటప్పుడు "రూపాయల్లో తీసుకోమంటారా" అని మెషీన్ అడుగుతుంది, అక్కడి డబ్బులోనే అని నొక్కండి. రూపాయలని నొక్కితే రేటు వాళ్ళిష్టం.

సేచెనీ వేడినీళ్ళ స్నానాలకు పోండి, 1913లో కట్టింది. ఆరుబయట పెద్ద కొలనులు, చుట్టూ పసుపు రంగు భవనం. ఈత బట్టలు ఉండాల, చుడీదార్‌తో దిగుతామంటే ఒప్పుకోరు. మా ఆడబిడ్డ అరగంట వాదించింది, పని కాలా.

ఫైలు_మనిషి:

వీసా గురించి. ఎవరి అప్లికేషన్ వాళ్ళదే, నిర్ణయం కూడా విడివిడిగానే వస్తుంది. ముగ్గురికి వచ్చి ఒకరికి రాకపోవడమూ జరుగుతుంది. అందుకని వీసా చేతికొచ్చేదాకా డబ్బు వాపసు వచ్చే బుకింగులే పెట్టుకోండి.

మీ ప్లాన్‌లో ఎవరూ పట్టించుకోని చిక్కు ఒకటుంది. షెంగెన్ వీసాకు, అంటే ఒకే వీసాతో యూరప్‌లో చాలా దేశాలు తిరగనిచ్చేదానికి, ఏ దేశంలో ఎక్కువ రాత్రులుంటే ఆ దేశానికే అప్లై చేయాలి. సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. బుడాపెస్ట్ 5, వియన్నా 4 అనుకుంటే మీ ఫ్రెండ్స్ హంగరీకి అప్లై చేయాలి. మీరు ఆ 5 రాత్రులు కూడా ఆస్ట్రియాలోనే ఉంటే మీకు 9 అవుతాయి కాబట్టి ఆస్ట్రియాకి. ఒకే గుంపు, రెండు దేశాలు, రెండు రకాల అపాయింట్‌మెంట్లు. ఒక్క రాత్రి వియన్నాకి జరిపి 4, 5 చేయండి, నలుగురిదీ ఆస్ట్రియానే అవుతుంది. మొదట బుడాపెస్ట్‌లో దిగినా తప్పేం లేదు.

ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు అప్లై చేయొచ్చు, కానీ చివరిదాకా ఆగొద్దు. ఫీజు పెద్దవాళ్ళకు 90 యూరోలు, సర్వీసు చార్జీ వేరే. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి, మీరు వెనక ఉండే 5 రాత్రులు కూడా అందులోకి రావాలి. కవరింగ్ లెటర్‌లో ఆ సంగతి దాచకుండా రాయండి: ఫలానా తేదీ దాకా స్నేహితులతో, అక్కడినుంచి ఒంటరిగా, కాలేజీ సెలవు ఫలానా తేదీ వరకు. నలుగురికీ ఒకే లెటర్ కాపీ కొట్టి మీది మాత్రం వేరే తేదీలతో పెడితే ప్రశ్నలొస్తాయి. బ్యాంకు ఖాతాలో అప్లై చేసే ముందురోజు ఎవరో వేసిన పెద్ద మొత్తం కన్నా నెలనెలా పడే జీతమే మేలు.

2025 అక్టోబరు నుంచి సరిహద్దులో పాస్‌పోర్టు ముద్ర స్థానంలో ఫొటో, వేలిముద్రలు తీసుకునే పద్ధతి మొదలైంది. దిగిన రోజు లైన్లో టైము పట్టొచ్చు, వెంటనే రైలు పెట్టుకోవద్దు.

బైరాగిపట్టెడ_అమ్మాయి:

రాత్రుల లెక్క అసలు నా బుర్రకు తట్టలేదు, థాంక్స్ అండీ. అత్తమ్మా, రోజుకొకరి పెత్తనం గ్రూపులో పెట్టగానే ముగ్గురూ ఒప్పుకున్నారు. బెంగళూరు ఆమె తన రోజున నలుగురం తొమ్మిదింటిదాకా పడుకోవాలంది. మరి ఆ 5 రాత్రులు ఎక్కడ? ఆస్ట్రియాలో సరస్సు ఒడ్డున ఉండే హాల్‌స్టాట్‌లోనే అన్నీ ఉందామా? స్లొవేనియాలో బ్లెడ్ సరస్సు కూడా బాగుంటుందంటున్నారు.

పుత్తూరు_టు_మ్యూనిక్:

హాల్‌స్టాట్ 800 మంది కూడా లేని ఊరు, పగలంతా బస్సుల్లో వచ్చినవాళ్ళతో నిండిపోతుంది. అక్కడ ఒక్క రాత్రి చాలు. రైలు సరస్సుకు అవతలి ఒడ్డున ఆగుతుంది, అక్కడినుంచి పడవలో ఊళ్ళోకి. రైలు టైముకే పడవ ఉంటుంది, కానీ చివరి పడవ సాయంత్రం త్వరగానే పోతుంది, చూసుకోండి. మిగతా 4 రాత్రులు ఆస్ట్రియాలోనే ఉన్న సాల్జ్‌బర్గ్‌లో ఉండండి. వియన్నా నుంచి రైల్లో సుమారు రెండున్నర గంటలు. ఊరు నడిచి తిరిగేంతే, కొండ మీద కోట ఎటునుంచి చూసినా కనిపిస్తుంది కాబట్టి దారి తప్పరు. హాస్టళ్ళలో ఆడవాళ్ళకు మాత్రమే ఉండే డార్మిటరీలుంటాయి, స్టేషన్‌కి దగ్గరలో తీసుకోండి.

బ్లెడ్ బాగుంటుంది. ద్వీపంలో చర్చికి 99 మెట్లు, అలిపిరి 3,550 ఎక్కినవాళ్ళకు అదొక లెక్క కాదు. కానీ ఈసారికి వద్దు. ఆ 5 రాత్రులూ స్లొవేనియా అయితే మీకు వియన్నా, స్లొవేనియా సమానమై ఫైలు మనిషి గారి లెక్క మళ్ళీ మొదలవుతుంది.

గ్రీమ్స్‌పేట_అత్తమ్మ:

సాల్జ్‌బర్గే మేలు. రూములోకి చేరగానే మీ అమ్మకు ఫోటో పంపు, రాత్రి ఎనిమిదికి ఒక ఫోన్ చెయ్. మనకు అప్పటికి పదకొండున్నర, ఆమె మేలుకునే ఉంటుంది. వియన్నాలో ఒక రాత్రి స్టేట్ ఒపెరాకు నిలబడి చూసే టికెట్ తీసుకో, తక్కువలోనే వస్తుంది. జులై, ఆగస్టుల్లో మూసేస్తారు, సెప్టెంబరులో మళ్ళీ తెరుస్తారు. స్నేహితురాళ్ళు రామంటే వదిలేసి నువ్వు పో. పోయేటప్పుడు చెన్నైకి సప్తగిరి ఎక్కి సెంట్రల్‌లో దిగితే అక్కడినుంచి మెట్రో నేరుగా ఎయిర్‌పోర్టుకే, టాక్సీకి డబ్బు దండగ. రైలు లేటయినా భయం లేకుండా విమానం అర్ధరాత్రి దాటినాక ఉండేది చూసుకో.