పైథాన్ లైబ్రరీకి సొంత ఎర్రర్ క్లాసులు ఎన్ని ఉండాలి?

ప్రశ్న:
పేమెంట్ గేట్‌వే ఏపీఐ మీద చిన్న పైథాన్ లైబ్రరీ రాస్తున్నాను. తప్పు ఏదైనా వాల్యూఎర్రరే రైజ్ అవుతోంది. వాడేవాళ్లు మెసేజ్‌లో "429" (రిక్వెస్టులు మితిమీరాయనే స్టేటస్ కోడ్) ఉందేమో వెతికి రీట్రై చేస్తున్నారు. స్టేటస్ కోడ్‌కి ఒకటి చొప్పున క్లాసులు రాయాలా? ఇంకోటండి: కొత్తగా రాసిన క్లాస్ ఇనిట్‌లో మెసేజ్, స్టేటస్ రెండూ తీసుకుని, సూపర్‌కి మెసేజ్ ఒక్కటే ఇస్తున్నాను. మల్టీప్రాసెసింగ్ పూల్‌లో ఆ ఎర్రర్ వస్తే ప్రోగ్రామ్ బిగుసుకుపోతోంది.

సమాధానం 1:
కోడ్‌కో క్లాస్ వద్దండి. పట్టుకున్నవాళ్లు వేరే పని చేయాల్సి వస్తేనే వేరే క్లాస్. మీకు నాలుగు చాలు: ఇన్‌పుట్ తప్పు, కార్డు తిరస్కరణ, రేట్ లిమిట్, టైమౌట్. అన్నిటికీ పైన ఒక బేస్. దాన్ని నేరుగా బేస్‌ఎక్సెప్షన్ నుంచి తీయకండి, మామూలు "ఎక్సెప్ట్ ఎక్సెప్షన్"కి చిక్కదు.

టైమౌట్‌ని తిరస్కరణతో మాత్రం కలపొద్దు. తిరస్కరిస్తే డబ్బు కదల్లేదని తెలుసు. టైమౌట్‌లో కదిలిందో లేదో తెలియదు. ఐడెంపొటెన్సీ కీ (అదే రిక్వెస్ట్ మళ్లీ వచ్చిందని సర్వర్ పోల్చుకునే గుర్తు) లేకుండా రీట్రై చేస్తే కస్టమర్‌కి రెండుసార్లు కోత పడొచ్చు.

రీట్రై-ఆఫ్టర్ హెడర్ (ఎంతసేపు ఆగి మళ్లీ ప్రయత్నించాలో సర్వర్ చెప్పేది) విలువను ఎర్రర్ ఆబ్జెక్ట్ మీద అట్రిబ్యూట్‌గా పెట్టండి. ఆ హెడర్ సెకన్లలోనైనా తేదీగానైనా రావచ్చు, లైబ్రరీలోనే సెకన్లకి మార్చేయండి. పాత కోడ్ విరగకుండా, వచ్చే మేజర్ వెర్షన్ దాకా బేస్‌ని వాల్యూఎర్రర్ నుంచే తీయండి. మెసేజ్‌లో ఆ "429" కూడా అప్పటిదాకా ఉండనివ్వాల్సిందే, తప్పదు.

సమాధానం 2:
పూల్ సంగతి పికిల్ వల్ల, అంటే ఆబ్జెక్ట్‌ని బైట్లుగా మార్చి ఇంకో ప్రాసెస్‌కి పంపే పద్ధతి వల్ల. ఎర్రర్‌ని మెయిన్ ప్రాసెస్‌లో తిరిగి కట్టేటప్పుడు పైథాన్ ఆర్గ్స్‌లో (మీరు సూపర్‌కి ఇచ్చినవి) ఉన్నవాటితోనే క్లాస్‌ని పిలుస్తుంది. మీ ఆర్గ్స్‌లో మెసేజ్ ఒక్కటే ఉంది, స్టేటస్ లేదు. టైప్‌ఎర్రర్ వచ్చి, ఫలితాలు అందుకునే థ్రెడ్ చచ్చిపోతుంది. పూల్ ఫలితం కోసం పిలిచిన గెట్ ఇక ఎదురుచూస్తూనే ఉంటుంది.

స్టేటస్‌కి నన్ డిఫాల్ట్ ఇవ్వండి. అసలు విలువ ఎక్కడికీ పోదు, ఆబ్జెక్ట్ డిక్ట్ (అట్రిబ్యూట్లు ఉండే చోటు) కూడా పికిల్‌తోపాటే వెళ్లి తర్వాత సర్దుకుంటుంది. ప్రతి క్లాస్‌నీ పికిల్‌తో డంప్స్, లోడ్స్ చేసి అట్రిబ్యూట్లు పోల్చే టెస్ట్ ఒకటి రాసి పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
డిఫాల్ట్‌తో పూల్ కదిలిందండి. రిక్వెస్ట్స్ (హెచ్‌టీటీపీ లైబ్రరీ) ఇచ్చే ఎర్రర్‌ని "ఫ్రమ్ ఈ"తో జోడించాలా, "ఫ్రమ్ నన్"తో దాచాలా?

సమాధానం 2:
జోడించండి. ఫ్రమ్ లేకపోతే ట్రేస్‌బ్యాక్‌లో, ఎర్రర్‌ని సర్దుతుండగా ఇంకో ఎర్రర్ వచ్చిందన్నట్టు కనిపిస్తుంది; చదివేవాళ్లు మీ కోడ్‌లో బగ్ అనుకుంటారు. అయితే రిక్వెస్ట్స్‌లోని రెయిజ్-ఫర్-స్టేటస్ మెసేజ్‌లో యూఆర్ఎల్ మొత్తం ఉంటుంది. ఏపీఐ కీని క్వెరీలో పంపుతుంటే అది లాగుల్లోకి ఎక్కుతుంది. కీని హెడర్‌కి మార్చండి, అది కుదిరేదాకా ఆ ఒక్కచోట "ఫ్రమ్ నన్".