అప్‌డేట్: కాంక్‌లో రాత్రికి ఉండాలా అని అడిగాను కదా, వెళ్లొచ్చాం

దక్షిణ ఫ్రాన్స్‌లోని కాంక్ గ్రామానికి ఒక పూట సరిపోతుందా, రాత్రి బస చేయాలా అని అడిగాను. ఉండమన్నవాళ్లందరికీ చాలా థ్యాంక్స్.

ఊష్, దుర్దూ అనే రెండు ఏర్లు కలిసే చోట, కొండవాలు మీద ఉంటుంది ఊరు. పలకరాతి కప్పుల ఇళ్లు, నిటారు వీధులు. అమ్మానాన్నలతో వెళ్తే నిదానంగా నడవండి.

సెయింట్ ఫ్వా అనే క్రైస్తవ పునీతురాలి పేరున్న చర్చి ద్వారం పైన తీర్పు దినం (లోకాంతంలో దేవుడు అందరికీ తీర్పు చెప్పే రోజు) శిల్పం దగ్గరే మాకు చాలాసేపు పట్టింది. 12వ శతాబ్దం నాటిది, మొత్తం 124 బొమ్మలు, కొన్నిచోట్ల పాత రంగులు ఇంకా కనిపిస్తాయి. నరకం వైపు మెడలో డబ్బు సంచితో వేలాడే లోభిని చూడండి. కమాను అంచు వెనక నుంచి తొంగిచూసే చిన్న చిన్న ముఖాలను అస్సలు వదలొద్దు, నాకు అన్నిటికంటే అవే నచ్చాయి!

సెయింట్ ఫ్వా బంగారు విగ్రహం చర్చి ఖజానాలో ఉంది. ఫ్రెంచి విప్లవం రోజుల్లో ఈ ఖజానాను ఊరివాళ్లే ఇళ్లలో దాచి కాపాడారట. ఎంత గొప్ప పని!

ఇక రాత్రి బస సంగతి. ఈ చర్చికి ఫ్రెంచి చిత్రకారుడు పియర్ సూలాజ్ చేసిన 104 కిటికీలను 1994లో పెట్టారు, వాటిలో రంగుటద్దాలు లేవు. వెలుగు మారేకొద్దీ గాజు ఛాయ మారుతుంది. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడాలి. కాబట్టి ఉండండి.