సమస్య: "వద్దటన్నవాఁడె పెద్ద యయ్యె"

సంచాలకుడు: ఈ వారం ఆటవెలది నాలుగో పాదం. విషయం కూడా నేనే ఇస్తున్నా, స్పెయిన్ సోషలిస్టు పార్టీలో నాటో (అమెరికా, ఐరోపా దేశాల సైనిక కూటమి) గొడవ. 1982 మేలో అప్పటి ప్రభుత్వం దేశాన్ని నాటోలో చేర్చింది, సోషలిస్టులు వద్దంటే వద్దన్నారు, రెఫరెండం (ప్రజాభిప్రాయ సేకరణ) పెడతామని చెప్పి అక్టోబరులో గెలిచారు, గెలిచాక ప్రధాని ఫెలిపే గొంజాలెజ్ మనసు మారింది, 1984 డిసెంబరు మహాసభలో పార్టీ చేత కూడా ఉందామనిపించి 1986 మార్చి 12న జనం ముందుకు వెళ్తే 52.5 శాతం సరేనన్నారు. పాదంలో పడింది ప్రాసయతి (వద్ద-పెద్ద: మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం), చూసుకోండి.

గోదారిగట్టు:
నాటొ యేల మనకు నంచు గర్జించెను
భౌతికమ్ముఁ జెప్పు పండితుండు
కట్టకడకు దాని కార్యదర్శిగ నిల్చి
వద్దటన్నవాఁడె పెద్ద యయ్యె
(హావియెర్ సొలానా. ఈ పార్టీ నేతే, ఫిజిక్స్ ప్రొఫెసర్, 1995లో నాటోకే సెక్రటరీ జనరల్!)

యతిమైత్రి: భౌ-పం యతి భలే పడింది. "మనకు నంచు" కూడా తప్పు కాదండీ, మనకు+అంచు మనకంచు అనీ, నకారంతో మనకు నంచు అనీ రెండు విధాలా అవుతుంది. "నాటొ యేల యనుచు నాఁడు గర్జించెను" అన్నా సరిపోతుంది. నాటోని నాటొ చేయడం గణాల కోసం అందరం చేసే పనే, వదిలేస్తున్నా.

చింతచిగురు:
ఎన్నికలకు ముందె యిది యేల మనకన్న
ఫెలిపె గెలిచినాక ప్లేటు మార్చె
ఉంద మనుచుఁ దానె యూరూరఁ దిరుగుచు
వద్దటన్నవాఁడె పెద్ద యయ్యె

గోదారిగట్టు: అరసున్నల పక్కన ప్లేటా 😀

యతిమైత్రి: ఉండనివ్వండి, తీసేస్తే పద్యం చప్పబడిపోతుంది. పైగా ఫె-ప్లే యతి సరిపోయింది.

పాతగంట:
పదవి యూడిపోయెఁ బరదేశ మంత్రికి
శంకఁ దెలుపు టతని శాపమాయె
గొంతు మార్చువారు గుర్రమెక్కిన చోట
వద్దటన్నవాఁడె పెద్ద యయ్యె?

సంచాలకుడు: ప్రశ్నార్థకంతో సమస్యను తిప్పేశారు, ఈ వారం నాకు నచ్చింది ఇదే. ఫెర్నాండో మొరాన్ 1985లో విదేశాంగ శాఖ వదిలారు, నాటో అంటే మొదట్నుంచీ అనుమానపు మనిషి, కాబట్టి "శంక" సరైన మాట. "పరదేశ మంత్రి" అంటే మాత్రం వేరే దేశపు మంత్రి అనుకుంటారు, అది మార్చాలి.

చింతచిగురు: అందరం కలిసి ఫెలిపేని ఉతికేశాం గానీ, ఆయన ఊరికే ఉందామనలేదు కదా. నాటో ఉమ్మడి సైనిక నిర్మాణంలో చేరం, అణ్వాయుధాలు మా గడ్డ మీద పెట్టనివ్వం, అమెరికా సైన్యాన్ని తగ్గిస్తాం అని మూడు షరతులు బ్యాలెట్ మీదే ఉన్నాయి. పార్టీలో వద్దన్నవాళ్లను కొంతైనా చల్లబరచడానికే అవి. ఒక్క పద్యంలోనూ రాలేదు, నా దాంట్లో కూడా.

సంచాలకుడు: అందులో మొదటి షరతును 1996లో పార్లమెంటే ఎత్తేసింది, అప్పుడు నాటో కుర్చీలో ఉన్నది సొలానా గారే. గోదారిగట్టు గారూ, ఆ మాట వచ్చేలా మీ మూడో పాదం విప్పి మళ్లీ కడతారా?