మెంతి వేరుకు దిక్కు తెలియకుండా చేయడం ఎలా?

అంతరిక్షంలో జీవకణాల తీరు గురించి బడిపిల్లలకు చెబుతుంటాను. 2025లో మన వ్యోమగామి శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మెంతులు, పెసలు మొలకెత్తించారనగానే, "అక్కడ వేరు ఎటు పోతుందండీ?" అన్నారు. వేరు కొన కణాల్లోని పిండి రేణువులు అడుగుకు జారి, కింద ఎటో తెలుపుతాయి. మొలకను నిలువు చక్రంలా నెమ్మదిగా తిప్పుతుంటే వాటికి అడుగంటూ నిలవదు. అందుకని తడి దూదిలో గింజలు చుట్టి గోడగడియారం సెకన్ల ముల్లుకు కట్టాను. పాపం, అది పైకెక్కలేక తొమ్మిది దగ్గరే కొట్టుకుంటోంది!

నిమిషానికి ఒకటి రెండు చుట్లు తిరిగే చవకైన మోటారు ఏదైనా ఉందా? మైక్రోవేవ్‌లో పళ్లెం తిప్పే మోటారు మరీ వేగమా? పైగా, ఇలా తిప్పడం గురుత్వాకర్షణను తీసేయదు, దాని దిశను మాత్రమే చెరిపేస్తుంది. ఈ తేడాను ఏడో తరగతి పిల్లలకు ఎలా చెబుతారు?