నీలగిరి తోటను అడవి అనొచ్చా? ఒడిశా రాయగడ, కోరాపుట్ వాళ్లు చెప్పండి

జేపూర్ మాస్టారు:
రాయగడ నుంచి జేపూర్ వచ్చే దారిలో మెట్ట పొలాల్లో ఎటు చూసినా నీలగిరి, అదే యూకలిప్టస్ బారులే. ఒకప్పుడు అక్కడ చోళ్లు (రాగులు), సామలు, కందులు కలిపి చల్లేవారు, తర్వాత కొన్నేళ్లు బీడు వదిలేవారు. ఇప్పుడేమో ఈ తోటలే వాతావరణానికి మేలంటున్నారు. ఫారెస్ట్ సర్వే లెక్క ప్రకారం కనీసం హెక్టారు భూమిలో పదో వంతు మీద చెట్ల నీడ ఉంటే చాలు, అది అటవీ విస్తీర్ణమే. మామిడి తోటైనా, పట్టా భూమిలో నీలగిరైనా ఒకటే. 2030 నాటికి అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ని చెట్లలో నిలవ చేస్తామని దేశం మాటిచ్చింది కదా, ఆ కోటా నింపడానికి త్వరగా ఎదిగే చెట్టే సులువు. పిట్టకీ, పురుగుకీ ఆ లెక్కలో గడే లేదు. నేనైతే అడవి అనను.

గుణుపూర్ రైతు:
మాస్టారూ, ఏమీ అనుకోకండి, నెల జీతం వస్తోంది కాబట్టి మీకు పిట్టలు గుర్తొస్తున్నాయి. చోళ్లు వేస్తే కోతకి కూలీలు దొరకరు, కుర్రాళ్లంతా చెన్నై, హైదరాబాద్ పోయారు. పందులు, కోతులు తినగా మిగిలిందే మాకు. నీలగిరిని ఏ పందీ ముట్టదు. నాలుగైదేళ్లకి మిల్లుకి కర్ర పోతుంది, నరికిన మోడు మళ్లీ పిలక వేస్తుంది. అయినా కొండలు కొట్టి కాల్చింది పోడు వాళ్లు కాదా? నీలగిరి వచ్చింది బీడులోకి, అడవిలోకి కాదు.

జేపూర్ మాస్టారు:
ఆ బీడు గురించే నేనూ అంటున్నది. పోడులో తప్పు లేదనను. భూమికి విశ్రాంతి తగ్గిపోయాక కొండలు బోడి అయ్యాయి. కానీ బీడంటే ఖాళీ కాదు. తంగేడు పొదలు, చీపురు గడ్డి, దుంప తీగలు, వాటి మధ్య చెదపుట్టలు. నెమలి గుడ్లు పెట్టేది అక్కడే, మేకలు మేసేదీ అక్కడే. మీ నీలగిరి కిందకి ఒకసారి వెళ్లి చూడండి: ఎండాకు, ఊడిన బెరడు, ఆవు కూడా ఆగదు.

ప్రభుత్వం మాత్రం పొదలున్న చోటుని పాడైన భూమి అంటుంది. చెట్లు పెంచినవాళ్లకి క్రెడిట్లిచ్చే కేంద్రం గ్రీన్ క్రెడిట్ పథకంలో, 2024 పద్ధతి ప్రకారం అలాంటి అటవీ భూమిలో హెక్టారుకి కనీసం 1,100 మొక్కలు నాటాలన్నారు. 2025లో మార్చి, నీడ 40 శాతానికి చేరాలన్నారు. మళ్లీ కొలిచేది నీడనే!

పర్లాకిమిడి నుంచి:
ఇద్దరికీ ఒక మాట. జీవజాతుల మీద ఐపీబీఈఎస్ (జీవవైవిధ్యం మీద దేశాలన్నీ కలిసి పెట్టుకున్న శాస్త్రవేత్తల వేదిక) నివేదిక 2019లో వచ్చింది. నేల మీద జీవజాతులకు అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ భూమి వాడకం మారడం వల్లేనని అందులో ఉంది, వాతావరణ మార్పు దాని కన్నా వెనకే. మరి వాతావరణ మార్పుని ఆపడానికి భూమి వాడకాన్ని ఇంకా మార్చేస్తామా? మా గజపతి జిల్లా లఖారి లోయ ఏనుగులు ఎప్పుడో శ్రీకాకుళం వైపు దిగిపోయాయి. వాటికి కావలసింది మేత, నీళ్లు, నడిచే దారి. నీలగిరి బారులు వాటికెందుకు?

ఇంకో సంగతి. ప్రపంచ బ్యాంకు బయోకార్బన్ ఫండ్ రాయగడ, కోరాపుట్ రైతుల పొలాల్లో నీలగిరి, సరుగుడు నాటించి కార్బన్ క్రెడిట్లు, అంటే చెట్లు పీల్చుకున్న కార్బన్‌కి కట్టిన లెక్క, కొన్నది. అదే కోరాపుట్ సేద్యాన్ని 2012లో ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది, దేశవాళీ వరి రకాలు అన్నేసి ఉన్నందుకు. కర్రకి క్రెడిట్, వరి రకాలకి సర్టిఫికెట్! సర్టిఫికెట్ వండుకు తినలేం కదా. 2017లో ఒడిశా మిల్లెట్ మిషన్ వచ్చింది, ఆ తర్వాత ప్రభుత్వం చోళ్లు కొంటోంది, అది మంచిదే. కానీ కొనేది పంటని. బీడుని, పొదని అలాగే ఉంచిన రైతుకి ఎవరూ పైసా ఇవ్వరు. కార్బన్ డబ్బులో కొంత అటు మళ్లించాలి.

గుణుపూర్ రైతు:
బాగుంది బాబూ, ఇప్పిస్తే ఈసారి మోడులు పీకించేస్తాను. ఎకరానికి ఎంత, ఏ నెలలో పడుతుంది? పట్టా లేని కౌలు రైతుకి కూడా ఇస్తారా, లేక అందులోనూ భూస్వామికేనా? అవి తేలేదాకా మా ఇంట్లో నీలగిరే.