వీధిదీపాల మాస్టర్ ప్లాన్ ఎక్కడ మొదలుపెట్టాలి?

నగర వీధిదీపాల ప్రణాళిక రాసే పని నా మీద పడింది. సోడియం దీపాలు తీసేసి 4000 కెల్విన్ (వెలుగు రంగు కొలత, అంకె పెరిగేకొద్దీ తెలుపు) తెల్లటి ఎల్‌ఈడీలు బిగించారు. కరెంటు ఖర్చు తగ్గింది, కాదనను. కానీ స్తంభం కింద కళ్లు చెదిరే వెలుగు, రెండు స్తంభాల మధ్య చీకటి. ఎదురొచ్చే మనిషి ముఖం ఆనవాలు పట్టలేం. సగటు లక్స్ (నేల మీద పడే వెలుగు కొలత) మాత్రం కాగితం మీద భేషుగ్గా ఉంది!

ఇళ్ల మధ్య వీధులకు 2700 కెల్విన్ పసుపు ఛాయ వెలుగు చాలని నా ఉద్దేశం. అర్ధరాత్రి దాటాక డిమ్మింగ్ ఎంతవరకు చేయొచ్చు? జీబ్రా క్రాసింగుల దగ్గర తగ్గించే ఆలోచన లేదు. 1989లో ఫ్రాన్స్‌లోని లియోన్ చేసినట్టు కట్టడాలు, నదీతీరాలు అన్నీ కలిపి ఒకే ప్లాన్ వేయాలా, లేక ముందు రోడ్ల వర్గీకరణ తేల్చుకోవాలా?

ఇలాంటి పని చేసినవాళ్లు దయచేసి చెప్పండి. వెలుగు అంతటా సమంగా పడాలన్న షరతును టెండర్లో ఎలా రాశారో కూడా.