వడ్డీ పాపమన్న బోధను కతోలిక శ్రీసభ మార్చుకున్నదా?

చరిత్రాభిమాని:
వడ్డీ వ్యాపారులుగా పేరుపడినవారికి 1179లో శ్రీసభ బిషప్పుల సమావేశమైన మూడవ లాటరన్ మహాసభ సత్ప్రసాదాన్నీ (పూజలో ఇచ్చే పవిత్ర రొట్టెను) క్రైస్తవ ఖననాన్నీ నిరాకరించింది. 1311–12 నాటి వియెన్ మహాసభ, వడ్డీ పాపం కాదని మొండిగా వాదించేవారిని మతద్రోహులుగా శిక్షించాలన్నది. ఈనాడు బ్యాంకు డిపాజిట్ మీద వచ్చే వడ్డీని పాపసంకీర్తనంలో (గురువు ఎదుట పాపాలు ఒప్పుకునేటప్పుడు) చెప్పుకునే కతోలికుడు ఎక్కడా కనిపించడు. సిద్ధాంతం మారదనే శ్రీసభ ఇక్కడ మారిందనే నా అభిప్రాయం.

వేదాంత విద్యార్థి:
చరిత్రాభిమాని గారూ, తీర్మానాలను చెప్పి వాటి వెనుక తర్కాన్ని వదిలేశారు. 13వ శతాబ్దపు వేదాంతి థామస్ అక్వినాసు వాదం ప్రకారం, వాడుకున్నాక కూడా ఇల్లు మిగులుతుంది కనుక అద్దె న్యాయమే. ద్రాక్షారసాన్ని వాడుకోవడమంటే తాగేయడమే కనుక, రసానికి ఒక ధర, తాగినందుకు మరొక ధర అడిగేవాడు లేనిదాన్ని అమ్ముతున్నాడు. ఖర్చయితేనే ఉపయోగపడే డబ్బు కూడా అంతే. అయితే అప్పిచ్చినందువల్ల కలిగే నష్టానికి పరిహారాన్ని ముందే ఒప్పుకోవచ్చని ఆయనే అన్నాడు. ఆ డబ్బుతో తాను సంపాదించగలిగిన లాభాన్ని మాత్రం అడగరాదన్నాడు. తరువాతి పండితులు క్రమంగా దానినీ అంగీకరించారు.

ఫ్రాన్సిస్కన్ సన్యాసుల ప్రోత్సాహంతో 15వ శతాబ్దపు ఇటలీలో వెలసిన తాకట్టు నిధులు, పేదలకు అప్పులిచ్చి నిర్వహణ ఖర్చుకు కొంత సొమ్ము తీసుకునేవి. అదీ వడ్డీయేనని మరో సన్యాస సభ అయిన డొమినికన్లలో కొందరు పట్టుబట్టారు (పేదల కోసం పెట్టిన నిధికి కూడా మినహాయింపు దొరకలేదంటే ఆ వాదం ఎంత నిక్కచ్చిగా సాగిందో ఊహించవచ్చు). ఆ సొమ్ము న్యాయమేనని 1515లో ఐదవ లాటరన్ మహాసభ తేల్చింది. 1745లో ఇటలీ బిషప్పులకు రాసిన లేఖలో 14వ బెనెడిక్ట్ పోపు, అప్పు ఇచ్చినంత మాత్రాన అసలుకు మించి కోరడం పాపమేనని మళ్లీ చెబుతూ, అలా కోరడానికి అప్పుతో ముడిపడిన ఇతర న్యాయమైన కారణాలు ఉండవచ్చునని ఒప్పుకున్నాడు. సూత్రం చెక్కుచెదరలేదు, పెట్టుబడికి ఎప్పుడూ మరొక మార్గం దొరికే ఆర్థిక వ్యవస్థలో ఆ కారణాలు అరుదుగా కాక అంతటా కనిపిస్తున్నాయి.

చరిత్రాభిమాని:
1745 వరకు మీ వాదం నిలుస్తుందనే అనుకుందాం. 1830 నుంచి రోమ్‌లోని పోపు కార్యాలయాలు ఇచ్చిన జవాబులు, మితమైన వడ్డీ తీసుకునేవారిని కలవరపెట్టవద్దని పాపసంకీర్తనం వినే గురువులకు చెప్పాయి. 1917 నాటి శ్రీసభ చట్టం, మితిమీరినదని తేలితే తప్ప చట్టబద్ధమైన వడ్డీకి ఒప్పందం చేసుకోవడం తప్పు కాదన్నది. అక్వినాసు నాడు కారణం చూపవలసినవాడు అప్పిచ్చేవాడు. 1917 నాటికి అతడు ఏ కారణమూ చూపనక్కరలేదు. సూత్రం చెక్కుచెదరలేదంటే, ఆ భారం అతని మీద నుంచి ఎప్పుడు, ఏ సూత్రం ప్రకారం తొలగిపోయిందో చెప్పండి.